బురద కోసమా, బజారు కోసమా?

చిన్న ఫోర్ బై ఫోర్ బండి మీద మోజు పడని కారు ప్రియులు తక్కువ. పెట్టెలాంటి ఒళ్లు, ఎత్తైన సీటు, వెనక తలుపుకు బిగించిన స్టెప్నీ. షోరూంలో ఎక్కి కూర్చోగానే మారేడుమిల్లి అడవో, వంజంగి కొండో కళ్ల ముందు మెదులుతుంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ప్రకటనల్లో ఆ బండి ఏటి నీళ్లలోనో ఇసుక దిబ్బ మీదో ఉంటుంది తప్ప అమీర్‌పేట ట్రాఫిక్‌లో కనిపించదు. కొన్నాక మాత్రం అది ఎక్కువ కాలం గడిపేది అక్కడే.

మోజును తప్పుపట్టడం ఈ అధ్యాయం పని కాదు. మనసుపడి కొనుక్కునే వస్తువులు జీవితంలో కొన్ని ఉండాలి. కాకపోతే అవసరానికి ఎంత చెల్లిస్తున్నామో, ముచ్చటకు ఎంత చెల్లిస్తున్నామో విడదీసి చూసుకున్నవాళ్లు కొన్నాక విసుక్కోరు. రెండు పద్దులూ కలిపేసినవాళ్లే మొదటి సర్వీసులు అయ్యేసరికి అమ్మకం ధర వాకబు చేయడం మొదలుపెడతారు.

ముందు దారుల పట్టీ రాయండి

బండ్ల పేర్లు, రంగులు, వీడియోలు కాసేపు పక్కన పెట్టండి. గత ఏడాదిలో మీరు కారులో వెళ్లిన దారులన్నీ ఒక కాగితం మీద మూడు గళ్లలో రాయండి. మొదటి గడిలో తారు రోడ్డు, సిమెంటు రోడ్డు. రెండో గడిలో గతుకుల మట్టి రోడ్డు, కంకర రోడ్డు. మూడో గడిలో జారే బురద, మెత్తటి ఇసుక, రాళ్లు తేలిన ఏటవాలు బాట.

మొదటి గడికి ఏ కారైనా చాలు. లంబసింగి మంచు చూడాలన్నా, అరకు వెళ్లాలన్నా, వికారాబాద్ అనంతగిరి కొండలెక్కాలన్నా తారు రోడ్డే. ఘాట్ రోడ్డు మీద కావలసింది సరైన గేరు, చల్లగా ఉండే బ్రేకులు, నిద్ర చాలిన డ్రైవరు. రెండో గడికి కావలసింది నేలకూ బండి పొట్టకూ మధ్య ఎడం, గట్టి టైర్లు, ఓపిక. ఊరి చివర మామిడి తోటకు వెళ్లే బాట సాధారణంగా ఈ గడిలోకే వస్తుంది. ఆ బాట మీద నాలుగు చక్రాలకూ శక్తి అందనవసరం లేదు.

మూడో గడి దారులకే ఫోర్ వీల్ డ్రైవ్ అసలు అవసరం. పాడేరు వైపు కాఫీ తోట ఉన్నవాళ్లు, ఏజెన్సీ గూడేలకు ఉద్యోగరీత్యా తిరిగేవాళ్లు, వానాకాలంలో నల్లరేగడి పొలాలకు వెళ్లక తప్పనివాళ్లు, కొండవాలులో పనులు చేయించే కాంట్రాక్టర్లు ఈ గడిని నిజాయితీగా నింపగలరు. మీ మూడో గడి ఖాళీగా ఉందా? సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆఫ్ రోడింగ్ మీకు సరదా అయితే 'సరదా' అనే రాసుకోండి. కెమెరాకు, ప్రయాణాలకు కేటాయించినట్టే దానికీ ఒక బడ్జెట్ పెట్టుకోండి. సరదాను అవసరమని ఇంట్లో నమ్మించబోతేనే చిక్కు.

నాలుగు చక్రాలు ఏం చేస్తాయి, ఏం చేయవు

ఈ తరగతి బండ్లలో ఎక్కువ భాగం పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. మామూలు గేరు లివరు పక్కన ఇంకో చిన్న లివరు ఉంటుంది. టూ హైలో పెడితే శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది. ఫోర్ హైలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ కలిపి అందుతుంది. ఫోర్ లోలో గేరు నిష్పత్తి మారి వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. మారుతీ జిమ్నీలో ఫోర్ లో నిష్పత్తి దాదాపు 2. అంటే అదే ఇంజన్ వేగానికి బండి సగం వేగంతో, రెట్టింపు లాగుడుతో కదులుతుంది.

మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం తిరగవు. పార్ట్ టైమ్ పద్ధతిలో రెండు ఇరుసులూ బిగిసిపోయి ఉంటాయి కాబట్టి ఆ తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. మట్టిలో, ఇసుకలో చక్రం కొద్దిగా జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారడానికి చోటుండదు. స్టీరింగు బరువెక్కుతుంది, టైర్లు అరుగుతాయి, లోపలి గేర్ల మీద ఒత్తిడి పేరుకుంటుంది. అందుకే పొడి తారు మీద ఫోర్ హై వాడకూడదు. డబ్బు పోసి కొన్న సౌకర్యం కదా అని హైవే మీద వేసుకుని వెళ్లేవాళ్లు చేజేతులా రిపేరు కొనితెచ్చుకుంటున్నారు.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందితే బండి కదలడం తేలికవుతుంది, అంతే. బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం తగ్గదు. ప్రతి కారుకూ బ్రేకులు నాలుగు చక్రాల మీదే పనిచేస్తాయి. మలుపులో పట్టు కూడా పెరగదు, పైగా ఈ బండ్లు ఎత్తుగా ఉండటం వల్ల వేగంలో ఒరిగే గుణం ఎక్కువ. నిటారు దిగుడులో ఫోర్ లో మొదటి గేరు ఇంజన్ పట్టుతో బండిని నెమ్మదిగా దించుతుంది. ఆ ఒక్కచోట తప్ప, ఈ బలం ముందుకు వెళ్లడానికే గానీ వెనక్కి తగ్గడానికి సాయపడదు. వెనక్కి తగ్గే తెలివి డ్రైవరు దగ్గర ఉండాలి.

బజారులో ఏమున్నాయి

మన దేశంలో జీపుల కథ 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల విడిభాగాలను ఇక్కడ బిగించడంతో మొదలైంది. చిన్న, తేలికైన ఫోర్ బై ఫోర్ అందరికీ తెలిసింది మాత్రం 1985 చివర్లో వచ్చిన మారుతీ జిప్సీతో. సైన్యం, పోలీసులు, అటవీ శాఖ, ర్యాలీ పోటీలు అన్నిచోట్లా అదే కనిపించేది. మూడు దశాబ్దాలు దాటి నడిచినా చివరిదాకా దాని కింద లీఫ్ స్ప్రింగులే.

దాని వారసురాలు జిమ్నీ అయిదు తలుపుల రూపంలో 2023 జూన్‌లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటి ప్రారంభ ఎక్స్ షోరూం ధర 12.74 లక్షలు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజన్, 105 పీఎస్ శక్తి, 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, సుమారు 1,200 కిలోల బరువు. ల్యాడర్ ఫ్రేమ్, ముందూ వెనకా దృఢమైన ఇరుసులు, లో రేంజి గేరు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. వెడల్పు 1,645 మిల్లీమీటర్లే కాబట్టి ఇరుకు బాటల్లో, ఇరుకు సందుల్లో సుఖం. సీట్లు నాలుగే. వెనక సీటు నిలబెట్టి ఉంచితే సామానుకు 208 లీటర్ల చోటే.

మహీంద్రా థార్ రెండో తరం 2020 అక్టోబర్ 2న అమ్మకానికి వచ్చింది. దీని ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి 2 లీటర్ల టర్బో పెట్రోలు, 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్లున్నాయి. 226 మిల్లీమీటర్ల క్లియరెన్స్, నిలిచిన నీళ్లలో 650 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్లగలదని కంపెనీ లెక్క. జిమ్నీ కంటే బలం ఎక్కువ, బరువూ ఎక్కువే. ఫోర్స్ గూర్ఖాకు ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులున్నాయి, అంటే ఒక పక్క చక్రం జారినా రెండో పక్క చక్రానికి శక్తి అందుతుంది. కఠినమైన పనికి సరిపోతుంది, రోజువారీ సౌఖ్యంలో మాత్రం సర్దుకుపోవాలి.

జిమ్నీ కథలో కొనేవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ధరలో విశాలమైన వెనక సీటు, పెద్ద డిక్కీ ఉన్న ఎస్‌యూవీలు దొరుకుతుంటే ఇదెందుకని మన దగ్గర చాలామంది పక్కన పెట్టారు. గురుగ్రామ్‌లో తయారైన అదే అయిదు తలుపుల జిమ్నీని 2025 జనవరి చివర్లో జపాన్‌లో ప్రకటిస్తే, కొద్ది రోజుల్లోనే దాదాపు 50 వేల ఆర్డర్లు వచ్చి బుకింగులు ఆపేయాల్సి వచ్చింది. బండి మారలేదు, దాని నుంచి కోరుకున్నది మారింది. దాన్ని కుటుంబ కారుగా కొలిస్తే తక్కువ మార్కులే పడతాయి, కొండదారి పనిముట్టుగా కొలిస్తే మంచి మార్కులు పడతాయి. మీరు ఏ కొలబద్దతో కొలుస్తున్నారో కొనకముందే తేల్చుకోండి.

డబ్బు లెక్క

ఎక్స్ షోరూం ధర ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. ముందు ఆ ధరలోనే కలిసి ఉండే జీఎస్‌టీ సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలైన జీఎస్‌టీ ప్రకారం నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ లోపు, డీజిలైతే 1,500 సీసీ లోపు ఇంజన్ ఉన్న కార్లకు 18 శాతం పన్ను. ఆ హద్దు దాటితే 40 శాతం. జిమ్నీ పొడవు 3,985 మిల్లీమీటర్లే అయినా ఇంజన్ 1,462 సీసీ కాబట్టి 40 శాతంలోకి వస్తుంది. థార్‌లో 1.5 లీటర్ల డీజిల్ ఇంజనున్న వెనక చక్రాల డ్రైవ్ రకానికి 18 శాతం, అదే థార్ ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి 40 శాతం. కాబట్టి మీ మూడో గడి ఖాళీ అయి, ఆ ఆకారమే మీకు నచ్చి ఉంటే, వెనక చక్రాల డ్రైవ్ రకం కొని పన్నులోనే పెద్ద మొత్తం మిగుల్చుకోవచ్చు. అందులో నామోషీ లేదు.

దీనిపైన జీవితకాల పన్ను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది ధర శ్లాబును బట్టి పెరుగుతుంది, 10 లక్షలు దాటితే భారం తెలుస్తుంది. 10 లక్షలు దాటిన బండి మీద డీలరు 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తాడు. ఆదాయపు పన్ను రిటర్నులో అది మీ ఖాతాకు జమ అవుతుంది కాబట్టి రసీదు పారేయకండి.

ఇంధనం సంగతి. జిమ్నీ మాన్యువల్‌కు ప్రకటించిన మైలేజీ లీటరుకు 16.94 కిలోమీటర్లు. నగరంలో దానికి బాగా దిగువనే వస్తుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో లీటరుకు 18 ఇచ్చే కారు బదులు 13 ఇచ్చే బండి ఉంటే దాదాపు 256 లీటర్ల తేడా. లీటరు 108 రూపాయలనుకుంటే ఏడాదికి 27 వేల పైచిలుకు. బలమైన బండికి నెలనెలా కట్టే కప్పం ఇది.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలి

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూం చుట్టూ ఒక రౌండు కాదు. మీ ఇంటి పార్కింగులో పెట్టి చూడండి. వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది, గోడకు దగ్గరగా ఆపితే సామాను దించడానికి వీలుండదు. మూడు తలుపుల థార్‌లో వెనక సీటుకు ముందు సీటు మడిచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మా నాన్నలను ఒకసారి ఎక్కించి దించండి, వాళ్ల ముఖమే జవాబు చెబుతుంది. నాలుగు సీట్ల బండిలో ఆరుగురు కూర్చునే తెలివితేటలు వద్దు. వెనక సీట్లో మీరే కూర్చుని గతుకుల రోడ్డు మీద అయిదారు కిలోమీటర్లు వెళ్లండి. దృఢమైన ఇరుసుల బండి పక్కలకు ఊగుతుంది, అది లోపం కాదు, దాని తత్వం. ఆ తత్వంతో ఇంట్లోవాళ్లు సర్దుకోగలరా అన్నదే ప్రశ్న. డీలరుతో చెప్పి ఫోర్ హై, ఫోర్ లో వేయించి చూడండి. చాలామంది ఆ లివరు ముట్టుకోకుండానే సంతకం పెట్టేస్తారు.

పాత బండి కొనేటప్పుడు

పాత జిప్సీకి ఇప్పటికీ గిరాకీ ఉంది. కొనే ముందు బండిని లిఫ్టు మీదికి ఎక్కించి అడుగు చూడాలి. ఛాసిస్ ఫ్రేమ్ మీద తుప్పు, వెల్డింగు మచ్చలు ఉన్నాయా చూడండి. ముఖ్యంగా విశాఖ, కాకినాడ, బాపట్ల లాంటి సముద్ర తీర ప్రాంతాల్లో తిరిగిన బండ్లలో తుప్పు లోలోపల తినేస్తుంది. ముందు చక్రాల దగ్గర ఆయిలు కారుతోందా, నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదలతో ఉన్నాయా, ఫోర్ లో పడుతోందా, పడ్డాక వింత శబ్దం వస్తోందా చూసుకోవాలి. డిఫరెన్షియల్ ఆయిలు పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాయని అర్థం. ఆర్‌సీలో ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీదివాటితో సరిపోవాలి. సైన్యం వేలంలో వచ్చిన బండి అంటే వేలం పత్రాలు, పౌర రిజిస్ట్రేషను రెండూ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. 15 ఏళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్సు ఉంటాయి.

అలంకారాలూ చట్టమూ

కొత్త బండి ఇంటికి రాగానే స్నేహితులు చెప్పే మొదటి మాట "టైర్లు మార్చెయ్ రా". తొందరపడకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ముందు బిగించే ఇనుప బుల్ బార్లు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. అవి పాదచారులకు ప్రమాదం, ఎయిర్‌బ్యాగుల పనికీ అడ్డు. మరీ పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపుతుంది, బ్రేకుల మీద భారం పడుతుంది, క్లెయిము రోజున బీమా కంపెనీకి సాకు దొరుకుతుంది. కంపెనీ సైజులోనే మట్టి దారికి పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు దొరుకుతాయి. మూడో గడి నిండినవాళ్లకు ముందు ఖర్చు అదే కావాలి.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, బండికి లక్షలు పోసి బీమాలో వెయ్యి రూపాయలు మిగిల్చేవాళ్లున్నారు. ఇంజన్ ప్రొటెక్షన్ తప్పకుండా తీసుకోండి. నీళ్లు ఇంజన్‌లోకి వెళ్లి దెబ్బతింటే మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు.

నడపడం మళ్లీ నేర్చుకోవాలి

పాతికేళ్లుగా కారు నడుపుతున్నవాళ్లు కూడా ఇక్కడ కొత్తవాళ్లే. ఇగత్‌పురిలో మహీంద్రా నడిపే ఆఫ్ రోడ్ శిక్షణ కేంద్రం లాంటి చోట ఒకసారి నేర్చుకుంటే మంచిది. వీలు కాకపోతే అనుభవజ్ఞుల వెంట వెళ్లండి. ఒంటరిగా కష్టమైన బాట పట్టవద్దు, రెండు బండ్లుంటేనే వెళ్లండి.

బండి దిగి దారిని నడిచి చూడటం మొదటి పాఠం. ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఇరుక్కున్నాక కాదు, ఇరుక్కునే చోటు రాకముందే వేయాలి. ఇసుకలో టైర్ల గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే నేలను తాకే వైశాల్యం పెరిగి బండి తేలినట్టు వెళ్తుంది. తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి కాబట్టి గాలి పంపు, ప్రెషర్ గేజి వెంట ఉండాలి. వాటితో పాటు పార, చేతి తొడుగులు, ఇరుక్కున్న బండిని లాగే రికవరీ స్ట్రాప్, దాన్ని బిగించే షాకిళ్లు. స్ట్రాప్‌ను కంపెనీ ఇచ్చిన కొక్కేనికే తగిలించాలి, బంపరుకు కాదు. లాగేటప్పుడు చుట్టూ మనుషులెవరూ నిలబడకూడదు.

మన నేలల్లో అన్నిటికంటే మోసకారి తడిసిన నల్లరేగడి. టైరు గాళ్లలో బంక మట్టి నిండిపోతే టైరు నున్నటి గుండ్రాయి అవుతుంది. నాలుగు చక్రాలూ కలిసి ఒకేచోట తిరుగుతాయి. అలాంటి నేల మీద ఒక పూట ఎండ కాసేదాకా ఆగడమే తెలివి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న మాట ఫోర్ బై ఫోర్ వాళ్లకూ వర్తిస్తుంది.

పారే వాగు దగ్గర ఏ లెక్కలూ పనికిరావు. కంపెనీ చెప్పే లోతు నిలిచిన నీటికి మాత్రమే. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చి పక్కకు నెట్టగలదు, రెండడుగులైతే పెద్ద బండ్లనూ తోసుకుపోతుంది. వానాకాలంలో కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిరగండి. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, తోయించుకుని మెకానిక్‌ను పిలవండి.

ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోవాలి. బండి వెళ్లగలిగినంత మాత్రాన ప్రతి దారీ మనది కాదు. అమ్రాబాద్, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో అనుమతి లేకుండా రోడ్డు దిగి అడవిలోకి వెళ్లడం నేరం. ఎవరి పొలం గట్టూ మన ఆటస్థలం కాదు.

పోషణ

మామూలు కారుకు లేని ఆయిళ్లు దీనికున్నాయి. ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. యజమాని పుస్తకంలో చెప్పిన గడువుకు మూడూ మార్పించండి. నీళ్లలో దిగి వచ్చాక గడువుతో పని లేకుండా తనిఖీ చేయించండి. టైర్లు తిప్పి వేయించడం మానొద్దు, ఒక్క కొత్త టైరు వేసి మూడు పాతవి ఉంచడం ఈ బండికి పనికిరాదు. నెలకోసారి మట్టి నేల మీద కొద్ది దూరం ఫోర్ హైలో నడిపితే లోపలి భాగాలకు ఆయిలు అంది, అవసరమైన రోజున లివరు మొరాయించదు. బురదలో తిరిగి వచ్చిన రోజే అడుగు భాగం కడిగించండి, ఆరిన మట్టి తుప్పుకు తోడు.

ఇక నిర్ణయం. మూడో గడి నిండినవాళ్లు ఫోర్ వీల్ డ్రైవ్ కొనండి, ఇరుకు బాటలైతే తేలికైన బండి, బరువు పనులైతే బలమైన బండి. మూడో గడిలో సరదా మాత్రమే ఉన్నవాళ్లు ఈఎంఐ, బీమా, ఇంధనం కట్టాక ఇంటి పొదుపు కదలకుండా ఉంటేనే కొనండి. రెండో గడి దగ్గరే ఆగినవాళ్లకు ఎత్తైన మామూలు కారు చాలు. మిగిలిన డబ్బుతో ఏటా ఒకసారి జీపు అద్దెకు తీసుకుని ఏ కొండకైనా వెళ్లి రావచ్చు. ఈ మూడింటిలో మీది ఏదో రాసుకున్నాకే షోరూం మెట్లెక్కండి, కాగితం జేబులో ఉంచుకోండి.